అత్త బెండమడిలో అడుగులు

ఎక్కడ వదిలిపెట్టామో అక్కడికి చేరేముందు, మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు మాటలు.

ముసలి లవేనియా పోయి డెబ్బై ఆరు రోజులైంది. సింగటోకా యేటి మలుపులో ఆమె తన చేత్తో విత్తిన బెండమడి ఆమె పోయేనాటికింకా నాలుగాకుల మీద ఉంది. ఆమెను పూడ్చిన రోజునే తమ్ముడు నెమాని ఎగువూరి నుంచి వచ్చి, మడి నాలుగు మూలలా రెల్లుగడలు పాతి, వాటికి కొబ్బరాకు ముడివేసి తంబు పెట్టాడు. నూరో రాత్రి విందు జరిగేదాకా ఆ మడి చచ్చిపోయిన మనిషిది. ఎవరూ కాలు పెట్టకూడదు, ఆకు తుంచకూడదు, కాయ కోయకూడదు. పుట్టింటివాళ్ళు పెట్టిన తంబును అత్తింటివాళ్ళు దాటిన ఊరు ఆ లోయలో లేదు.

ఈలోగా ఊరి బెండ అంతా మాడిపోయింది. ఆకు అడుగున మసిగుడ్డతో అద్దినట్టు నల్ల బూజు, పైన పసుప్పచ్చ మచ్చ, వారం తిరిగేసరికి ఆకు ముడుచుకుని రాలడం. ఊరంతా వేసింది ఒకటే రకం. కాయలు కొనే ప్యాకింగ్ షెడ్డువాళ్ళ దగ్గర ఆ విత్తనం తీసుకుని, ఇంటింటికీ తిరిగి పంచింది లవేనియా కోడలు ఉనైసి. అత్త వద్దన్నా వినకుండా పంచింది. ఎవరూ మందు కొట్టని ఆ అత్త మడిలో మాత్రం, నల్లబారిన మొక్కల నడుమ పదకొండు మొక్కలు వాన కడిగినట్టు పచ్చగా నిలబడ్డాయి.

అదొక వింత. రెండోది అంతకంటే పెద్ద వింత. రోజూ తెల్లారేసరికి ఆ మడిలో బూజు పట్టిన కిందాకులు ఎవరో కోసేసి ఉంటున్నారు. లవేనియా కోసినట్టే, తొడిమ అంగుళం వదిలిపెట్టి. తడిమట్టిలో చెప్పుల్లేని అడుగులు పడుతున్నాయి. వెడల్పాటి పాదం, చిటికెనవేలు లోపలికి తిరిగి పక్కవేలి మీదికి ఎక్కిన పాదం. ఊరు ఊరంతటిలో అలాంటి పాదం లవేనియా ఒక్కతిదే. ఆ అడుగులు చూశాక యేటి గట్టున బట్టలుతకడానికి కూడా ఆడవాళ్ళు జట్టుగా వెళ్తున్నారు.

ఇక కథలోకి.

ఆ మధ్యాహ్నం మునిసామి బస్సు దిగి, ఇంటికి కూడా పోకుండా తిన్నగా ఉనైసి వాకిట్లోకి వచ్చాడు. అతనిది గట్టు అవతలి కౌలుచేను. ముత్తాతల కాలం నుంచీ ఆ మట్టిలోనే ఉన్నవాడు, ఊరి పిల్లలకి రొట్టె, చట్నీ అలవాటు చేసింది ఆ ఇంటివాళ్ళే. వీపున మందుడబ్బా తగిలించుకోని రోజు అతన్ని చూస్తే ఊరివాళ్ళకి గుర్తుపట్టడానికి ఓ నిమిషం పడుతుంది. నాలుగాకులు పొట్లం కట్టుకుని వ్యవసాయ పరిశోధన క్షేత్రానికి వెళ్ళొచ్చాడు. మెట్టు మీద కూలబడి చెమట తుడుచుకున్నాడు.

"మందు మీద ఆశ వదులుకో చెల్లీ."

"ఏమన్నారన్నా?"

"ఏమంటారు. ఆరేళ్ళుగా ఒకటే సీసా కొడుతున్నామా? మొదటేడు మూతకొలత పోస్తే చచ్చింది. మూడో ఏడు రెండు మూతలు. ఇప్పుడు సీసా ఒంపినా దానికది పొద్దుటి టీ. తాగి ఒళ్ళు విరుచుకుని పనికెళ్తోంది."

ఉనైసికి నవ్వు రాలేదు. మునిసామి కూడా నవ్వించడానికి చెప్పలేదు.

"అక్కడొక అమ్మాయి అద్దాల్లో పెట్టి చూసింది. బూజులోనూ మనుషుల్లో ఉన్నట్టే బోలెడు వంశాలుంటాయట. మనం ఒకే మందు కొట్టికొట్టి, దానికి చచ్చేవాటినన్నిట్నీ చంపేశాం. చావని వంశం ఒక్కటి మిగిలింది. ఇప్పుడీ లోయలో ఉన్నదంతా దాని పిల్లా మేకే. దానికి తోడు మన బెండా ఒకటే రకమాయె. ఒక ఇంటి తాళంచెవి దొరికితే ఊళ్ళో ఇళ్ళన్నీ తెరుచుకున్నట్టయింది దొంగకి."

"అత్త మడిలో తెరుచుకోలేదే."

"ముసల్ది తెలివైంది. పది ఊళ్ళ విత్తనం కలిపి చల్లేది. ఎర్ర తొడిమది, పొట్టిది, నూగుది, మా నాయనమ్మ ఇచ్చింది... ఒక్కోదానికి ఒక్కో తాళం. అందులో పదకొండింటికి వీడి దగ్గర చెవి లేదు. ఆ గింజలు తెమ్మంది ఆ పిల్ల. వాటిని చల్లి, వేరే మందులు రెండు మార్చి మార్చి పలచగా కొడితే నిలబడతారంది. గింజ లేకుండా ఒట్టి కొత్తమందు తెచ్చుకుంటే అదీ రెండేళ్ళ ముచ్చటేనంది."

"నూరో రాత్రికింకా ఇరవై నాలుగు రోజులుంది."

"ఆ కాయలు ఇరవై నాలుగు రోజులుండవు చెల్లీ. మొన్న గట్టు మీంచి చూశాను. గోధుమరంగు తిరిగాయి. నాలుగెండలు కాసి ఒక వాన పడితే పగిలి గింజంతా బురదపాలు. విత్తే అదునూ ఈ నెలతో సరి." మునిసామి లేచి, వెళ్ళబోయి ఆగాడు. "నేనైతే ఎప్పుడో దాటేవాణ్ణి. కానీ మీ దయ్యాలకి నా భాష తెలుసో లేదోనని భయం."

అతను వెళ్ళాక ఉనైసి మడి ఉన్న వైపుకి తిరిగింది. లోపల్నుంచి కుట్టుమిషను టకటకమని ఆడుతోంది. ఆడపడుచు అరియేత ఆ మిషను వెనక నుంచి తలెత్తకుండానే మాట్లాడింది.

"విన్నాన్లే వదినా. లోపలికి దూరేట్టున్నావు."

"దూరితే ఏం?"

"ఏముంది. తంబు దాటినవాళ్ళకి కడుపుబ్బుతుంది. నీ బరువుకి పాడె మొయ్యాలంటే ఆరుగురు కావాలి. మనూళ్ళో సాయంత్రానికి యంగోన మత్తునీళ్ళు తాగకుండా నిటారుగా నిలబడే మగాళ్ళు నలుగురున్నారు. మిగతా ఇద్దరికి ఎక్కడికి పోను?"

"నీ మొగుడున్నాడుగా."

"వాడా. వాణ్ణే ఇంకోడు మొయ్యాలి." అరియేత దారం పళ్ళతో తెంపింది. "నవ్వులాట కాదు. మా అమ్మ ఏదో చేసుకుంటోంది అక్కడ, చేసుకోనీ. బతికుండగా ఆమె మాట నీకెప్పుడూ పట్టలేదు. చచ్చాకైనా వదిలెయ్. రేపు మొదటి బస్సుకి నేను సువా పట్నం పోతున్నా, బట్టలు అప్పజెప్పి వారానికి గానీ రాను. నేను లేనప్పుడు పిచ్చిపనులు చెయ్యకు."

ఆడపడుచు నోటికి వదిన జవాబు చెప్పడం ఆ ఇంట్లో పొద్దున్నే పొయ్యి వెలిగించినంత మామూలు. ఇవాళ ఉనైసి లేచి బిందె అందుకుంది. 'ఆమె మాట నీకెప్పుడూ పట్టలేదు' అన్నది లోపలెక్కడో దిగబడింది. షెడ్డు విత్తనం సంచి తెచ్చిన రోజు అత్త దాంట్లో చెయ్యి పెట్టి, గింజలు వేళ్ళ సందుల్లోంచి జారవిడిచి, "అన్నీ ఒక తల్లి పిల్లలే. ఒకడికి జలుబు చేస్తే ఇల్లంతా తుమ్ముతుంది" అంది. ఉనైసి అప్పుడు నవ్వింది. అందరి ముందూ నవ్వింది.

మొదటి కోడి కూసేసరికి ఉనైసి లేచి చూరులోంచి యంగోన వేర్ల కట్ట తీసి చంకన పెట్టుకుంది. బతికున్నవాళ్ళయినా చచ్చినవాళ్ళయినా, ఒక మాట అడగడానికి వెళ్ళేటప్పుడు ఒట్టిచేతుల్తో వెళ్ళరు. అడుగుల మనిషి ఎవరైతే వాళ్ళ ముందే కట్ట పెట్టి గింజలడుగుదామనుకుంది. ఆ మనిషి అత్తే అయితే?

అయితే ఆమె ఏ బట్టల్లో ఉంటుంది? దారి పొడుగునా ఉనైసిని కొరికింది ఈ ప్రశ్నే. ఈస్టరుకని అరియేత కుట్టింది, ఆకుపచ్చ మీద తెల్ల గవ్వల అచ్చు గౌను. లవేనియా ఒక్కసారే తొడుక్కుంది. రెండోసారి ఉనైసి తొడిగింది, చల్లబడిపోయిన ఒంటికి. మెడ దగ్గర్నుంచి కిందికి తొమ్మిది బొత్తాలు తనే పెట్టింది. ఆ గౌనే గనక ఇప్పుడు ఎదురుగా కనిపిస్తే, తొమ్మిదో బొత్తం వరకూ చూసే ధైర్యం తనకుందా?

యేటి మీద మంచు పాలమీగడలా పరుచుకుని ఉంది. మడి మూల రెల్లుగడకి ఇవతల, ఒక్క జానెడు ఇవతల, మఠం వేసుకుని కూచుంది. తడి నడుముకి చుట్టిన సులుగుడ్డలోంచి తొడల మీదికి పాకింది. మునిసామి కుక్క గట్టు మీద నిలబడి మడికేసి చూసి, తోక ఊపి, వెళ్ళి పడుకుంది. మొరగలేదు. అది చూశాక ఉనైసి యంగోన కట్టను ఒళ్ళోకి లాక్కుంది. తెలిసిన మనిషిని చూస్తేనే ఆ కుక్క తోక ఊపుతుంది.

టక్.

కాస్త ఆగి మళ్ళీ, టక్.

తొడిమ విరుస్తున్న చప్పుడు. మంచులో బెండమొక్కల తలల మీదుగా ఒక టోపీ కదులుతోంది. అంచు చిరిగిన తాటాకు రంగు అల్లికటోపీ, అత్తది. ఆమె పోయిన రోజు నుంచి మడిగట్టు గుంజకి వేలాడుతున్నది. ఉనైసి లేవాలనుకుంది. రెల్లుగడను పట్టుకోబోయి మానుకుంది.

అప్పుడు ఆ టోపీ కింద నుంచి గొంతు వినిపించింది, పక్కన నడుస్తున్న మనిషితో మాట్లాడుతున్నంత నెమ్మదిగా.

"...ఎగువన వాన పడిందక్కా. యేరు మోకాలి పైకొచ్చింది. రేపు దాటలేనేమో. రాకపోతే తప్పు పట్టుకోకు."

మగగొంతు.

ఉనైసి నిటారుగా కూచుంది. తల వంచి, దోసిళ్ళు గుల్లగా పట్టి మూడుసార్లు చప్పట్లు చరిచింది. పెద్దవాళ్ళ ఎదుటికి వచ్చినప్పుడు చరిచే చప్పట్లు. టోపీ ఆగిపోయింది.

"నెమాని మామా," అంది ఉనైసి నేలచూపుతోనే. "నేను, ఉనైసిని."

బుట్ట మొక్కలకి రాసుకున్న చప్పుడైంది. తర్వాత మంచులోంచి ముసలాయన వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ళ దాకా బురద, చేతిలో బుట్ట, నెత్తిన అక్క టోపీ. ఉనైసి కళ్ళు ముందు ఆయన పాదాల మీదే పడ్డాయి. చిటికెనవేలు లోపలికి తిరిగి, పక్కవేలి మీదికి ఎక్కి ఉంది. ఒక కడుపున పుట్టిన పాదాలు.

"ఎంతసేపయింది కూచుని?"

"మీరు అక్కా అనకముందు నుంచీ."

"అయితే అంతా విన్నావు." ఆయన టోపీ తీసి, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు మళ్ళీ పెట్టుకున్నాడు. "చూడలేదనుకుని వెళ్ళిపో కోడలా."

"చూశాను కదా మామా."

"నెమాని పెట్టిన తంబు నెమానే దాటాడని ఊళ్ళో చెప్తావా?"

"అత్త వస్తోందనుకుని ఊరు భయపడుతోంది. మీరొస్తున్నారంటే ఇంకా భయపడుతుంది. ఆవిడైతే ఆకులే కోస్తుంది, మీరైతే విందుకి పందులు తెమ్మంటారు."

ముసలాయన మూతి వంకర తిరిగింది. నవ్వే, కానీ పూర్తిగా రాలేదు. గట్టు మీద, తంబుకి అవతలే కూచున్నాడు. ఇద్దరి నడుమా రెల్లుగడ, దాని కొబ్బరాకు ముడి గాలికి గీరుకుంటోంది. ఉనైసి యంగోన కట్టను రెండు చేతులా ఆ గడ మొదట్లో పెట్టింది. ఆయన దాన్ని చూశాడు గానీ ముట్టుకోలేదు. ముట్టుకుంటే, అడగబోయేదానికి ఒప్పుకున్నట్టే.

"నాకు పదకొండేళ్ళప్పుడు అక్కకీ నాకూ మాటలాగాయి," అన్నాడు. "ఈడొచ్చిన అక్కాతమ్ముళ్ళందరికీ ఆగేట్టే. ఆమె కూచున్న చాప మీద నేను కూచోలేదు, ఆమె ఉన్న గదిలోకి పోలేదు. నాకేదైనా చెప్పాలంటే పిల్లల్ని మధ్యన పెట్టి, 'మీ మామతో చెప్పండ్రా' అనేది. నేనక్కడే ఉండేవాణ్ణి, నాలుగు బారల దూరంలో. అరవయ్యేళ్ళు అలా గడిచింది. ఇది పెద్దలు పెట్టిన మర్యాద, తప్పని అనను. కానీ ఆమెని మట్టిలో పెట్టిన రోజు తెలిసింది. లోపల ఎంత మాట పోగుపడిందో."

"అందుకని మడికి తంబు పెట్టారా?"

"ఇంకెవరూ రాకుండా ఉంటే, నేనొచ్చి మాట్లాడుకోవచ్చని. చచ్చినవాళ్ళతో మాట్లాడొద్దని ఏ పెద్దా చెప్పలేదు." బుట్టలో ఆకులు సర్దాడు, కూతురి జడ సర్దినంత జాగ్రత్తగా. "ఒట్టిగా మాట్లాడితే సిగ్గు. అందుకని ఆమె పని చేస్తూ మాట్లాడతాను. యేటి అవతలి గట్టు నుంచి ఏళ్ళ తరబడి చూశానుగా. మచ్చ పడిన ఆకు కోసేది, బుట్టకెత్తేది, తీసుకుపోయేది. ఒక్కనాడు మానలేదు."

"మరి ఈ ఆకులు మీరేం చేస్తున్నారు మామా?"

ఊరికే అడిగింది. నిజంగా ఊరికే. ఆయన కాస్త గర్వంగా తలెత్తాడు.

"పారేస్తాననుకున్నావా? ఆమె మడిలోది ఆమెకే. రోజూ కొండెక్కి ఆమె దగ్గరే పెట్టి వెళ్తున్నాను. పదో రాత్రి నుంచి."

ఉనైసి తల తిప్పి కొండకేసి చూసింది.

లవేనియా సమాధి తూర్పు కొండ భుజం మీద ఉంది. మడిలో అడుగులు కనిపించిన నాటి నుంచీ అటు ఎవరూ ఎక్కడం లేదు. ప్రతి పొద్దునా గాలి ఆ భుజం మీద నుంచే లోయలోకి దిగుతుంది. బూజు మొదట కనిపించింది కొండ కింది చేలల్లో. ఆ తర్వాత మధ్య చేలు. ఆ తర్వాత మునిసామిది. పైనుంచి కిందికి, వరసగా. మందు కొట్టి కడిగిన మూడో రోజుకే మళ్ళీ వచ్చేది, ఎవరో పిలిచి కూచోబెట్టినట్టు. ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియక జనం ఆకాశం కేసి చూశారు.

"మామా. నాతో కొండ మీదికి రండి."

"ఎందుకు?"

"రండి."

కొండెక్కారు. ఉనైసి ముందు, ముసలాయన బుట్టతో వెనక. ఆకుల సంగతి ఎత్తకుండా గింజలు మాత్రం అడిగి ఊరుకోవచ్చునని ఆమెకి దారిలో ఒకటికి రెండుసార్లు తట్టింది. పాపం పెద్దాయన, ఈ నిజం ఆయనకెందుకు? కానీ ఆ గింజలు చల్లిన మర్నాటి నుంచి మళ్ళీ ఈ గాలే వాటి మీదికి దిగుతుంది. పదకొండు తాళాలున్నా, రోజూ బుట్టెడు దొంగల్ని గుమ్మంలో దించితే ఏ తాళం ఎన్నాళ్ళు ఆగుతుంది?

సమాధి చుట్టూ కట్టిన రంగుగుడ్డలు వెలిసిపోయాయి. వాటి మధ్య అరవై ఏడు బుట్టల ఆకు, నడుం ఎత్తు కుప్ప. ఆకు అని తెలియడమే కష్టం, పొయ్యిలోంచి తీసిన బొగ్గులా ఉంది. సమాధి తెల్లరాయి మీద, గుడ్డల మీద, పక్కన ఎవరో పెట్టిన గాజు పూలకుండీ మీద, అంతటా సన్నని నల్లపొడి.

ఉనైసి రెండు చేతులా గుప్పెడాకు ఎత్తింది. పొడి పొగలా లేచింది. ఒక్క క్షణం సమాధి పైన మనిషి ఎత్తున నిలబడింది. నిజంగా మనిషే నిలబడినట్టు. ఇద్దరూ చూశారు. తర్వాత గాలొచ్చి దాన్ని చేలకేసి వంచింది. నెమ్మదిగా, తొందరేం లేనట్టు, కొండ దిగి కింది చేల మీదికి పోయింది.

"అత్త ఆకులు కోసి ఎక్కడికి తీసుకుపోయేది మామా?"

"వెదురుపొద వెనక్కి." ఆయన కుప్పకేసి చూశాడు. "అక్కణ్ణుంచి నాకు కనపడేది కాదు."

"వెదురుపొద వెనక గొయ్యి ఉంది. ఆకు వేసి, బూడిద చల్లి, మూరెడు మట్టి కప్పేది. ఆ గొయ్యి తవ్వింది నేనే. తవ్వుతూ తిట్టుకునేదాన్ని, ముసల్దానికి చాదస్తమని."

నెమాని బుట్ట కింద పెట్టాడు. కింద చేలన్నీ ఒకదాని పక్కన ఒకటి, నల్లగా. అటే చూస్తూ నిలబడ్డాడు. ఆయన ఏడిస్తే బాగుండుననిపించింది ఉనైసికి. ఏడవలేదు.

"అరవయ్యేళ్ళు దూరం నుంచి చూస్తే ఎంత తెలుస్తుందో, అంతే తెలిసింది నాకు," అన్నాడు చివరికి. "దగ్గరికెళ్ళి ఒక్క మాట... ఒక్క మాట అడగ్గలిగుంటే."

"మీకు తెలీదు మామా. నాకు తెలిసీ ఒకటే విత్తనం ఊరంతా పంచాను. అడగ్గలిగి కూడా ఆమెని అడగలేదు."

ఇది ఓదార్పో, ఒప్పుకోలో ఆమెకే తెలియలేదు. ముసలాయన వంగి, సమాధి మీది నల్లపొడిని అరచేత్తో తుడవబోయి, మళ్ళీ ఎగురుతుందని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తన సులు మీది పైగుడ్డ విప్పి, యేటి తడితో బరువెక్కిన ఆ గుడ్డని కుప్ప మీద కప్పాడు, చలేస్తున్న మనిషికి కప్పినట్టు.

"మధ్యాహ్నానికి మా ఊరి కుర్రాళ్ళని తెస్తాను. దీన్నంతా ఆ గోతిలోకే దించుదాం. ఎందుకని అడుగుతారు. చెప్తాను. నేనే చెప్తాను." మడికేసి చెయ్యి చూపాడు. "నువ్వు తెచ్చిన కట్ట ఇంకా అక్కడే ఉందా?"

కొండ దిగేసరికి మంచు విడిపోయింది. నెమాని రెల్లుగడ మొదట్లో కూచున్నాడు. యంగోన కట్టను రెండు చేతులా ఎత్తి, పెదాలు కదిలించి, కింద పెట్టి, గుల్లచప్పట్లు చరిచాడు. ఆ చప్పుడుకి మునిసామి కుక్క తలెత్తింది.

"అడుగు."

"ఆ పదకొండు మొక్కల కాయలు కావాలి మామా. విత్తనానికి. ఒక్కటీ కూరకి కాదు."

ముసలాయన రెల్లుగడను రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఆడించి పైకి లాగాడు. డెబ్బై ఆరు రోజులు నిలబడిన గడ. దాని మొదట తెల్లటి వేళ్ళు దిగి ఉన్నాయి. దాన్ని అడ్డంగా పడుకోబెట్టి పక్కకి జరిగాడు. "పద. ఇరవై మూడు రోజుల తప్పు నా మీద. ఆమెకి నేను చెప్పుకుంటాను."

ఉనైసి కుడికాలు లోపల పెట్టింది. కడుపేమీ ఉబ్బలేదు. నల్లబారిన వరసలు దాటింది, మూడు, నాలుగు, ఐదు. మొక్కలు ఆమె తలని మించి ఉన్నాయి. నెమాని వెనకే వస్తూ, "ఇంత లోపలికి నేనెప్పుడూ రాలేదు. కోయాల్సిన ఆకు ఇక్కడ లేదుగా" అంటున్నాడు. ఆరో వరసలో పచ్చదనం మొదలైంది. అత్త కూడబెట్టినదంతా ఇదే. ఎర్ర తొడిమది, పొట్టిది, నూగుది. ఆకు మీద ఒక్క మచ్చ లేదు. ఉనైసి సులు అంచు ఒడిగా పట్టి, మొదటి మొక్క కొమ్మ వంచింది.

కాయ లేదు.

రెండో మొక్కకీ లేదు. మూడోదానికీ. పదకొండు మొక్కలూ చేతులతో తడిమింది. ఎండిన కాయ ఒక్కటి కూడా లేదు. పగిలి రాలలేదు, నేల మీద గింజ లేదు. ప్రతి కాయా పదునైన కత్తెరతో ఏటవాలుగా కోసుకుపోయి ఉంది. కోత ఇంకా తడారలేదు.

"నేను కాదు," అన్నాడు నెమాని వెనక నుంచి. "ఒట్టు. కాయ ముట్టలేదు నేను."

"మీరు కాదని తెలుసు మామా."

ఆమె చూస్తున్నది కోతని కాదు. కోత కింద, ప్రతి కొమ్మకీ ఒక గుడ్డపీలిక ముడివేసి ఉంది. విత్తనానికి వదిలిన కాయను ఎవరూ కూరకి కోయకుండా అత్త అలాగే కట్టేది. కానీ అత్త పోయిననాటికి ఈ మొక్కలు నాలుగాకుల మీదున్నాయి. పువ్వే లేదు, ఇక కాయెక్కడ. ఈ పీలికలు కట్టిన చెయ్యి ఆమె పోయాక కట్టింది.

ఉనైసి ఒక ముడి విప్పి, పీలికని వేళ్ళ మీద పరిచింది. ఆకుపచ్చ. దాని మీద తెల్ల గవ్వలు.

నెమాని వంగి చూశాడు. ఆయనా గుర్తుపట్టాడు. శవపేటిక మూత వేసేముందు ఆఖరిచూపుకి నిలబడింది ఆయనే. ఆయన కళ్ళు తమంతట తామే తూర్పు కొండ మీదికి, సమాధి వైపుకి పోయాయి.

ఉనైసి అటు చూడలేదు. ఆ గౌనుకి తొమ్మిది బొత్తాలూ తను పెట్టింది, దాంట్లోంచి పీలిక కూడా చిరగలేదని ఆమెకి తెలుసు. కానీ గౌను కుట్టాక తానులో మూరెడు ముక్క మిగిలింది. అది ఎవరి కుట్టుపెట్టెలోకి పోయిందో కూడా తెలుసు. ఆమె పడమరకి తిరిగి, తన ఇంటికేసి చూసింది.

అంత పొద్దున్నే కుట్టుమిషను ఆడుతోంది. సంచి మూతి కుడుతున్నట్టు ఒకే ఒక్క పొడుగాటి కుట్టు, టకటకటకమని. వింటుండగానే ఆగిపోయింది.

లోయ మలుపులో సువా వెళ్ళే మొదటి బస్సు హారను కొట్టింది.